రిటైర్ అయినంక రోజూ ఒక చిన్న సాహసం: మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఏం చేయొచ్చు?

నీలగిరి66

అందరికీ నమస్కారం. నల్లగొండ టౌన్, వయసు 66. ఇంట్లో ఇద్దరమే. నాకు బీపీ, కుడి మోకాలు నొప్పి. మా ఇంటామెకు 61, షుగర్ గోలీలు వాడుతది. బండి నడుపుడు బంద్ చేసిన. పొద్దున పార్కు, తర్వాత పేపరు, పగలంతా టీవీ. ఏ రోజు సోమవారమో ఏ రోజు శుక్రవారమో తేడా తెలుస్తలేదు.

తీర్థయాత్రలు, ప్యాకేజీ టూర్ల గురించి అడుగుతలేను. ఒక పూటలో అయిపోయేది, మధ్యాహ్నం అన్నం యాళ్లకు ఇల్లు చేరేది, ఇద్దరికీ కలిపి నూటయాభై రూపాయలు దాటనిది కావాలె. కొత్తగ ఏదో చేసినమన్న తృప్తి ఉండాలె. మోకాలు, షుగర్ విషయంలో ఏం జాగ్రత్త పడాల్నో కూడా తెలిసినోళ్లు చెప్పండి.

కట్టమీద నడక

సార్, ఎక్కడికి పోవాలన్నది తర్వాత సంగతి. ఏం తెలుసుకుందామని పోతున్నరో ముందు అది తేల్చుకోండి. "పానగల్లు గుడి చూసొద్దాం" అని పోతే ఇరవై నిమిషాల్లో దండం పెట్టుకొని వాపస్ వస్తరు. "ఆ నీడ ఎక్కడిది?" అని పోతే పూట ఎట్ల గడిచిందో తెల్వదు.

మీ ఇంటి నుంచి ఆటో దూరంలోనే ఉన్న ఆ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతి చూద్దాం. కందూరు చోడ రాజుల కాలం నాటి త్రికూటాలయం, మూడు గర్భగుళ్లకు కలిపి ఒకటే మంటపం. లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండ నిలబడి ఉంటది. ఎండలో నిలబెట్టిన కర్ర నీడ గంట గంటకు జరుగుతది కదా, ఇది ఎందుకు జరగదు? అది నేరుగా పడే ఎండతోటి వచ్చే నీడ కాదు గనుక. బయట ఆకాశం నుంచి, నేల మీద నుంచి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తది. ఆ వెలుతురు పడే చోట గోడ తెల్లగ, స్తంభం అడ్డమొచ్చే చోట నల్లగ కనిపిస్తది. సూర్యుడు ఎటు జరిగినా సందులు జరగవు కాబట్టి నీడ కూడా జరగదు.

ఇది చదివి ఊరుకోవద్దు, ఇద్దరు పోయి తేల్చుకోండి. ఒకరు గర్భగుడి గడప ముందర నిలబడి గోడనే చూడాలె. ఇంకొకరు మంటపంలో ఒక్కో సందులోంచి నెమ్మదిగ దాటాలె. ఏ సందును అడ్డుకుంటే గోడ మీద ఏ దిక్కు మసకబడ్డదో చూసేవాళ్లు చెప్పాలె, దాటేవాళ్లు కాగితం మీద గుర్తు పెట్టుకోవాలె. పొద్దున 8 గంటలకు ఒకసారి, 10 గంటలకు ఒకసారి చేస్తే వెలుతురు మారినా నీడ స్థలం మారిందా లేదా తెలుస్తది. పూజ నడుస్తుంటే ఆగండి, పూజారికి ముందే చెప్పండి. గర్భగుడి చీకటికి కండ్లు అలవాటు పడనిదే గోడ మీద నీడ అంచు సరిగ కనిపించదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నంక మొదలుపెట్టండి. సెల్ఫోన్ లైటు మాత్రం వేయొద్దు. లైటు పడితే నీడ పోతది, కండ్లకు మళ్లీ ఐదు నిమిషాలు కావాలె.

ఇంకో పూట పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే ఉన్న మ్యూజియం. అక్కడ ఒకే ఒక్క స్తంభం ఎంచుకొని, దాని నాలుగు మొఖాల మీద ఏమేం చెక్కినరో చూసి రాసుకోండి. మొత్తం గుడి ఒకేరోజు చూద్దామనుకుంటే ఏదీ గుర్తుండదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకోటుంది: నీళ్ల వెంబడి నడుచుడు. మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. ఒకటి నిండితే మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకి కిందున్న చెరువుకు పోతది. మీ ఊరి కుంట నీళ్లు ఆఖరికి ఏ వాగులో కలుస్తున్నయో మీకు తెలుసా? చానా మందికి తెల్వదు. ఉదయసముద్రం అసొంటి పెద్ద చెరువుతోటి మొదలు పెట్టొద్దు. దానికి ఇప్పుడు కాలువ ద్వారా కృష్ణ నీళ్లు వస్తున్నయి, లెక్క చిక్కుపడ్తది. చిన్న కుంట పట్టుకోండి. ముందు తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని వెతకాలె. తూము నీళ్లు పొలాలకు, మత్తడి నీళ్లు కిందికి. మత్తడి దగ్గర మొదలుపెట్టి కాలువ వెంబడి అర కిలోమీటరు పోయి ఆగండి. మళ్లీసారి ఆగిన కాడి నుంచే ముందుకు.

ప్లాట్లు పడ్డ చోట, రోడ్డు వేసిన చోట కాలువ మాయమైతది. చానా మంది అక్కడనే వదిలేస్తరు. వదలొద్దు. రోడ్డు కింద మోరీ ఎక్కడుందో చూడండి. మోరీ కూడా లేకుంటే తుంగ చూడండి. చుట్టుపక్కల గడ్డి ఎండిపోయినా నీటి జాడ ఉన్న చోట తుంగ పచ్చగ సన్నటి గీత తీసినట్టు నిలబడి ఉంటది, కాలువ అక్కడే. దాన్ని తుంచి కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగుల్తయి. గడ్డి కాడ గుండ్రంగ ఉంటది, కాబట్టి రెంటినీ కలగలపరు. ఇంకా అనుమానమొస్తే నీరటి కుటుంబం ఎవరని ఊర్లె అడగండి. తూము ఎత్తుడు, దించుడు తరతరాలుగ వాళ్ల పని. ఏ కాలువ ఎప్పుడు ఎటు మళ్లించిండ్రో వాళ్ల నోట్లో ఉంటది.

పారుతున్న మత్తడి మీద కాలు పెట్టొద్దు. పాచి ఉంటది, చీలమండ లోతు నీళ్లు చాలు మనిషిని పడేయడానికి. గడ్డిలో నడిచేటప్పుడు కర్రతో ముందు నేల కొట్టుకుంట పోండి. పాముకు నేల అదురు తెలుస్తది.

ఫిజియో పాలమూరు

మోకాలు, షుగర్ గురించి అడిగారు కాబట్టి అది మాత్రమే రాస్తాను.

కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చానా మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. అప్పుడు బరువంతా మళ్లీ ఆ కాలు మీదికే పోతుంది. ఎడమ చేతి కర్ర, కుడి కాలు ఒకేసారి ముందుకు పడాలి. కర్ర ఎత్తు: బయట వేసుకునే చెప్పులు వేసుకొని నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే, మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి. పొడవు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, తక్కువైతే నడుము వంగుతుంది. కర్ర అడుగున రబ్బరు బుడిపె నున్నగా అరిగితే బండ మీద జారుతుంది. దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, నిర్లక్ష్యం చేయకండి.

బస్సు మొదటి మెట్టు ఎత్తు ఎక్కువ. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. రెండు చేతులు కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి కాబట్టి చేతి సంచి వద్దు, భుజానికి అడ్డంగా వేసుకునే సంచి తీసుకెళ్లండి. గుట్ట ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ పడుతుంది. "ఎక్కగలిగాను కదా" అని పైదాకా పోయి దిగేటప్పుడు కూలబడే వాళ్లే ఎక్కువ. దేవరకొండ కోట, భువనగిరి కోట లాంటివి మొదటి నెల పక్కన పెట్టండి.

నల్లగొండ జిల్లాలో ఒక ప్రత్యేక సంగతి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లకు నడుము, మెడ బిగుసుకుపోయి ఉండొచ్చు. వాళ్లు కింద కూర్చొని లేచే పనులు పెట్టుకోవద్దు. మడత కుర్చీ లేదా గట్టు చూసుకోండి.

అక్క షుగర్ గోలీ ఏ రకమో తెలుసుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ లాంటిది ఉంటే పడిపోవచ్చు. గోలీ వేసుకొని టిఫిన్ తినకుండా బయల్దేరడం అసలే వద్దు. చెమట, చేతుల వణుకు, చిరాకు వస్తే ఆగి మూడు, నాలుగు చెంచాల చక్కెర (సుమారు 15 గ్రాములు) నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలు కూర్చొని మళ్లీ చూసుకోవాలి. షుగర్ చూసే మిషన్ ఉంటే 70 కంటే తక్కువ వచ్చినా ఇదే పని. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 కు ఫోన్ చేయండి. చాక్లెట్, క్రీం బిస్కెట్ పనికి రావు, వాటిలో కొవ్వు వల్ల చక్కెర నెత్తురులోకి ఆలస్యంగా చేరుతుంది.

గుడి దగ్గర చెప్పులు విప్పాలి కదా. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలు స్పర్శ తగ్గితే కాలే బండ కాలినట్టు తెలియదు, సాయంత్రం బొబ్బ కనిపిస్తుంది. ఎండకాలం తొమ్మిది లోపే గుడి పని ముగించండి, మందం నూలు సాక్సులు వేసుకోండి, ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. అద్దం కింద పెట్టి చూస్తే వంగే పని ఉండదు.

ఒంటేలు భయంతో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అది వద్దు. బయల్దేరడానికి గంటన్నర ముందు ఒక గ్లాసు నిండా తాగి, ఇంట్లోనే ఒంటేలుకు పోయి బయల్దేరాలి. ఆ రోజు పొద్దున టీ ఒక్కటే, రెండోది వచ్చాక. మీ బీపీ గోలీల్లో ఒంటేలు ఎక్కువ చేసేది ఉంటే ఎండలో తల తిరగొచ్చు. ఎండకాలంలో మోతాదు సంగతి మీ డాక్టరును అడగండి, సొంతంగా మానకండి.

పల్లెవెలుగు

కట్టమీద నడక అన్న చెప్పింది బాగుంది గని, నాదొక చిన్న తేడా. అన్నీ ముందే తేల్చుకొని పోతే సాహసం సగం పోతది. నేను చెప్పేది ఇది: బస్టాండుకు పోండి, ఎన్నడూ పోని ఊరి బోర్డు ఉన్న పల్లెవెలుగు బస్సు ఎక్కండి, ఆఖరి స్టాపుల దిగండి.

నియమాలు మాత్రం గట్టిగ పాటించాలె. ఎక్కేముందే కండక్టరును అడగాల్సిన ప్రశ్న "ఈ బస్సు మళ్లీ వాపస్ ఎప్పుడు?" అని. కొన్ని బస్సులు రాత్రి ఊర్లెనే ఆగుతయి, నైట్ హాల్ట్ అంటరు. మధ్యాహ్నం తర్వాత అది ఎక్కితే పొద్దున దాక వాపస్ లేదు. అందుకే పొద్దున బస్సే ఎక్కాలె. ఆఖరి స్టాపుకు పోయినంక బస్సు పది, పదిహేను నిమిషాలు ఆగుతది. ఊరు నచ్చకపోతే అదే బస్సుల వాపస్. నచ్చితే తర్వాతి బస్సు టైము డ్రైవరును, కొట్టు దగ్గర మనిషిని ఇద్దరినీ అడగండి. ఇద్దరూ ఒకటే చెప్తేనే నమ్మండి.

అక్కకు టికెట్ ఖర్చు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల ఉచితం. అయినా జీరో టికెట్ తీసుకోవాలె, ఆధార్ ఒరిజినల్ చూపాలె. సెల్ఫోన్ల ఫొటో చూపిస్తే మాట మాట పెరుగుతది, కార్డే పెట్టుకోండి.

ఊర్లె దిగినంక ఏం చేయాలె? ఆ రోజు అంగడి ఉంటే ఇంకేం అక్కర్లేదు. లేకుంటే చావడి దగ్గర కూర్చొని ఒక్కటే అడగండి: "మీ ఊరికి ఈ పేరు ఎట్లొచ్చింది?" ముగ్గురిని అడిగితే మూడు కథలు చెప్తరు, తర్వాత వాళ్లల్ల వాళ్లే వాదించుకుంటరు. రాసుకోండి, అదే మీ సంపాదన.

పాలమూరు దిక్కు వచ్చినప్పుడు సరళాసాగర్ డ్యామ్ చూడండి, కొత్తకోట దగ్గర. 1949ల శంకుస్థాపన, 1959ల ప్రారంభోత్సవం. దానికి తనంతట తాను తెరుచుకునే సైఫన్లున్నయి, గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టానికి రాగానే సైఫన్ గొట్టంల గాలి బయటికి పోయి నీళ్లే నీళ్లను గుంజుకుంటయి. మట్టం తగ్గితే గాలి లోపలికి చొరబడి ఆగిపోతది. వానలు బాగ పడ్డ ఏడు, అదీ చెరువు నిండినప్పుడే కనిపిస్తది, కాబట్టి పోయేముందు ఆ దిక్కు ఎవరినన్న "సైఫన్లు పారుతున్నయా?" అని అడిగి పోండి. 2019 డిసెంబర్ 31న కట్ట తెగింది, తర్వాత బాగు చేసిండ్రు. తెగిన చోట కొత్త కట్ట ఎక్కడిదాక ఉందో గుర్తుపట్టుడు ఇంకో పని.

మహబూబ్‌నగర్ పక్కనున్న పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి దగ్గరికి "తల్లి మాను ఏది?" అన్న ప్రశ్నతోటి పోండి. 2018ల చెదలు పట్టి, సెలైన్ పెట్టినట్టు చుక్క చుక్క మందు ఎక్కించిండ్రు ఆ చెట్టుకు. దగ్గరికి పోనియ్యకుంటే దూరం నుంచే చూడాలె. నేలకు దిగి మానుగ మారిన ఊడ ఏది, ఇంకా గాల్లె వేలాడే ఊడ ఏది అని వేరు చేసుకుంట పోతే గంట అయితది.

నీలగిరి66

కట్టమీద నడక, పల్లెవెలుగు, ఫిజియో, అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరం అనుకోలే. రెండు అనుమానాలు. ఎండకాలం ఏప్రిల్, మే ఏం చేయాలె? ఇంకోటి, మా ఆమె "గుట్టలు, చెరువులు నాతోని కాదు, నువ్వు పో" అంటున్నది.

తుమ్మికూర

అన్నా, వదినను "వస్తవా?" అని అడిగిండ్రు గని "నీకేం కావాలె?" అని అడిగిండ్రా? మీరు ఎంచిన దానికి ఆమె వెంబడి రావాల్నంటే అది ఆమెకు ఇంకో డ్యూటీ. బయటికి పోవాల్నంటే పొద్దున లేచి వంట ముగించేది ఎవరు? ఆ పూట టిఫిన్ మీరు చేయండి, లేకుంటే బయట తినండి. అప్పుడు అడిగి చూడండి.

ఆమె వేరే దోస్తులతోటి పోతే పోనియ్యండి, ఇద్దరూ కలిసే పోవాలన్న రూల్ లేదు. ఆడవాళ్లు నలుగురు కలిసి పోయేటందుకు మన దగ్గర ఏడు పొడుగూతా పనులున్నయి. బతుకమ్మకు గునుగు, తంగేడు అంగట్ల కొనకుండ మీరే తెంపుకొని రండి. గునుగు జొన్న చేన్ల, గట్ల పొంటి దానంతట అదే మొలుస్తది. తంగేడు గుట్టల పక్కన, పోరంబోకు నేలల్ల. పొద్దుగాల తెంపాలె, ఎండ ఎక్కినంక తంగేడు వడలిపోతది. తడిగుడ్డల చుట్టి తేవాలె, ప్లాస్టిక్ కవర్ల మూటకట్టొద్దు, ఆవిరి పట్టి రాలుతది. వినాయక చవితికి తుమ్మికూర కూడా అట్లనే. కానీ పత్తి చేను దగ్గర కోయొద్దు, కలుపు మందు, పురుగు మందు కొట్టి ఉంటరు. చేను వాళ్లను అడిగినంకనే కొయ్యాలె. ఆకు గుర్తుపట్టే పెద్దామె ఒకరు వెంబడి ఉంటేనే కూరాకు జోలికి పోవాలె. "ఇట్లనే ఉంది" అనుకొని కోసిన ఆకు వండొద్దు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలకరి పడ్డ తెల్లారి ఎర్ర దుబ్బ నేల దిక్కు పోతే ఆరుద్ర పురుగులు కనిపిస్తయి, ఎర్ర మఖ్మల్ ముక్కల్లెక్క. ఎండ ఎక్కితే మళ్లీ నేలల్లకు పోతయి. మనుమలు ఇంట్ల ఉంటే పిల్చుకొని పోండి.

డాబామీద చుక్కలు

ఎండకాలం ప్రశ్నకు నా జవాబు: ఏప్రిల్, మే నెలల్లో 11 నుంచి 4 వరకు ఇల్లు కదలొద్దు. సాహసం డాబా మీదికి మార్చండి, తెల్లారుజామున, రాత్రి.

తెల్లారుజామున చేయదగ్గది చెవితో పిట్టల్ని గుర్తుపట్టడం. మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది, అరుపు వింటే పిట్ట పేరు చూపిస్తుంది. మొదట భారతదేశం ప్యాక్ దించుకోవాలి, వైఫై ఉన్నప్పుడు. యాప్ చెప్పగానే నమ్మవద్దు. ఆ పిట్టను కంటితో చూసినప్పుడే పుస్తకంలో రాయండి. రెండు పిట్టలు కలిసి అరిచినా, ఫ్యాను చప్పుడున్నా తప్పు చెబుతుంది. ముందు ఐదు నేర్చుకోండి: పికిలి పిట్ట, తీతువు, జెముడు కాకి, లకుముకి, నల్లంచి. రాష్ట్ర పక్షి పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటే గోధుమ రంగులో మామూలుగా కనిపిస్తుంది, ఎగిరినప్పుడే రెక్కల నీలం బయట పడుతుంది. అందుకే చాలా మంది దాని కిందనే నిలబడి కూడా పోల్చుకోలేరు.

బైనాక్యులర్ కొంటే 8x32 (ఎనిమిదింతలు పెద్దగా చూపేది, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు) చాలు. 10x అని ఆశపడితే చేతి వణుకు కూడా పదింతలై బొమ్మ నిలవదు. 8x42 లో వెలుతురు ఎక్కువ కానీ బరువు కూడా ఎక్కువ, మెడ నొప్పి. కళ్లద్దాలు పెట్టుకొని చూసేవాళ్లు కంటి దగ్గర రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పుకోవాలి. లేకపోతే గుండ్రంలో మధ్య ముక్కే కనిపిస్తుంది. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడండి.

రాత్రికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. నాసా వాళ్ల స్పాట్ ది స్టేషన్ యాప్‌లో మీ ఊరు పెట్టుకుంటే ఎప్పుడు, ఏ దిక్కున కనిపిస్తుందో చెబుతుంది. సూర్యాస్తమయం తర్వాత కాసేపు, సూర్యోదయానికి ముందు కాసేపు మాత్రమే కనిపిస్తుంది. ఎందుకంటే మన నేల చీకట్లో ఉండి, సుమారు 400 కిలోమీటర్ల పైన దాని మీద ఇంకా ఎండ పడుతూ ఉండాలి. పడమటి వైపు నుంచి తూర్పు వైపు పోతుంది, మిణుకు మిణుకుమనదు. ఎర్ర లైటు ఆరి వెలుగుతుంటే అది విమానం. సాయంత్రం పూట చూస్తే కొన్నిసార్లు ఆకాశం మధ్యలోనే మాయమవుతుంది. అది మబ్బు కాదు, భూమి నీడలోకి పోయింది. యాప్‌లో చూపించే ఎత్తు 40 డిగ్రీల కంటే తక్కువ ఉన్న రోజులు వదిలేయండి, ఇళ్లు, చెట్లు అడ్డం వస్తాయి. దిక్కు తెలియక సగం మంది దాన్ని పోగొట్టుకుంటారు. పగలే డాబా మీద పడమర, వాయవ్యం, నైరుతి ఎటో సుద్దతో గీసి పెట్టుకోండి.

చలికాలానికి పిల్లలకోడి (కృత్తిక చుక్కల గుంపు), గొల్లకావడి వేచి ఉన్నాయి. కార్తీకంలో రాత్రి తూర్పున పిల్లలకోడి ముందు లేస్తుంది, దాని వెనకే గొల్లకావడి మూడు చుక్కలు. మామూలు కంటికి పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు కనిపిస్తాయో ఇద్దరూ విడివిడిగా లెక్కబెట్టి తర్వాత పోల్చుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పెద్దవాళ్లకు ఇరవై నిమిషాలకు పైగానే పడుతుంది. డాబా మెట్లకు రెండు వైపులా కమ్మీ లేకపోతే ఇదంతా మానేసి ముందు కమ్మీ వేయించండి.

పల్లెవెలుగు

ఒకటి మర్చిపోయిన. ఒక్కరే పోయే రోజు ఇంట్ల కాగితం మీద రాసి పెట్టండి: ఏ బస్సు, ఏ ఊరు, వాపస్ ఎన్ని గంటలకు. అనుకున్న టైము దాటినంక గంటకు ఫోన్ లేకపోతే ఇంట్లోళ్లు వెతకాలె అని మాట పెట్టుకోండి. పెద్దవాళ్లకు సాయం, సమాచారం కోసం 14567 ఉంది, ఎల్డర్‌లైన్, ఉచితం. ఆపద అయితే 112.

నీలగిరి66

చెల్లె తుమ్మికూర చెప్పినట్టు అడిగిన. ఆమెకు గొల్లకావడి, పిల్లలకోడి చూడాల్నని ఉన్నదట, చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చూపించేదట. డాబా మెట్లకు ఒక వైపు కమ్మీ ఉంది, రెండో వైపు వేయిస్తం. ఆఖరి ప్రశ్న: కర్ర కొంటే ఏది కొనాలె? నాలుగు కాళ్లది మంచిదంటున్నరు.

ఫిజియో పాలమూరు

మీరు చేయబోయే పనులకు నాలుగు కాళ్లది వద్దు. ఇంట్లో చదును నేల మీద బాగుంటుంది కానీ, దుబ్బ తొవ్వలో, చెరువు కట్ట మీద, బస్సు మెట్ల మీద నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనవు, ఊగుతుంది. బటన్ నొక్కి ఎత్తు మార్చుకునే ఒంటి కాలు అల్యూమినియం కర్ర తీసుకోండి. మెడికల్ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. కొనేముందు బటన్ రంధ్రంలో పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి, రెండు చేతులతో బరువు వేసి నొక్కి చూడండి. సగమే వచ్చిన బటన్ నడుస్తుండగా లోపలికి జారి కర్ర కుంగిపోతుంది. అడుగు రబ్బరు వెడల్పుగా, గీతలు లోతుగా ఉన్నది అడగండి, స్పేర్ ఒకటి అప్పుడే కొని పెట్టుకోండి.